అంగడిలో పెట్టిన పరీక్ష

ఎవరికీ చెప్పని సంగతి ఒకటుంది. నా చదువును నిలబెట్టిన పరీక్షను నేను చాలా ఏళ్లు నమ్మలేదు. వేలూరు బజారులో కొత్త లుంగీల గంజి వాసన తగిలితే చాలు, గుడియాత్తంలోని మా నాయన లుంగీల అంగడి, అక్కడ నిలబడిన రాజకుమారి టీచరు గుర్తుకొస్తారు.

తమిళనాడులో పెరిగినవాళ్లం, ఇంట్లో తెలుగే మాట్లాడినా మాకు తెలిసిన రాత తమిళమే. ఇంగ్లీషు పాఠంలో ప్రతి మాట మీదా పెన్సిలుతో తమిళ అక్షరాలు రాసుకొని చదివేవాళ్లం. ఆరో తరగతిలో టీచరు వచ్చీ రాగానే వాటన్నిటినీ చెరిపించారు. ఇంగ్లీషు అచ్చులు ఆ అక్షరాల్లో ఇమడవన్నారు. చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకొని మాటలు చెప్పేవారు. పెదవులు చూడకుండా, చెవితోనే అచ్చును పట్టుకొని రాయాలి. ఆ తర్వాత గడ్డం కింద చెయ్యి పెట్టుకొని పలకాలి. ‘పెన్’ అంటే దవడ కొంచెం దిగేది, ‘ప్యాన్’ అంటే ఇంకా దిగేది.

“నోరు దాచుకొని చెప్పేది ఏం చదువే? ఆమెకే వచ్చునో రాదో!” అనేది అమ్మ. ఆ అనుమానం నాకూ అంటుకుంది. ఇంటికొచ్చి ఆమె చెప్పిన స్పెల్లింగులన్నీ డిక్షనరీలో వెతికేదాన్ని. ఒక్క తప్పూ దొరకలేదు. ముందే డిక్షనరీ చూసుకొని వస్తారేమోనని అనుమానం ఇంకా పెరిగింది.

ఆ ఏడు ఇంగ్లీషులో మార్కులు తగ్గాయి. ఇంగ్లీషు బడి మాన్పించి నన్ను తమిళ బడికి మారుస్తానన్నాడు నాయన. ఆ సంగతి ఎట్లా తెలిసిందో, మర్నాడు సాయంత్రం టీచరు అంగడికి వచ్చారు. నా మీద చెప్పడానికే వచ్చారనుకొని లుంగీ కట్టల వెనక నక్కాను.

“అది నోరే తెరవదు టీచరమ్మా. దానికి ఇంగ్లీషు దేనికి?” అన్నాడు నాయన.

“నోరు తెరవకుంటే ఏమైందన్నా, చెవులుండాయి కదా. ఇప్పుడే చూస్తారా?”

నన్ను పిలిచి, అట్టముక్క, పెన్సిలు చేతికిచ్చి, కొంగు అడ్డం పెట్టుకొని మాటలు చెప్పారు. విన్నది విన్నట్టు రాశాను.

“అన్నీ కరెక్టే” అన్నారు టీచరు.

“సరుకు అమ్మేవాళ్లే సరుకు బాగుండాదంటే ఎట్లమ్మా?” అంటూ నాయన పక్క మందులంగడాయన్ను పిలిచి చూపించాడు. ఆయన చదివి తలూపాడు. “సరే, ఉండనీ” అన్నాడు నాయన.

ఆ క్షణంలోనే నా సంతోషానికి పురుగు పట్టింది. ముందురోజు క్లాసులో నేను తడబడిన మాటల్లో ఒక్కటి కూడా ఆమె అడగలేదు. నెగ్గింది నేనా, ఆమె ఎంపికా? కాలేజీలోనూ, వేలూరులో ఉద్యోగంలోనూ ఎవరైనా మెచ్చుకుంటే, నాకోసం సులువైనవి ఏరి పెట్టిందెవరా అని చుట్టూ చూసేదాన్ని.

టీచరు చనిపోవడానికి కొన్నాళ్ల ముందు వేలూరు బస్టాండులో కనిపించారు. ఆ రోజు అంగడిలో పెట్టిన పరీక్ష గురించి ధైర్యం చేసి అడిగేశాను. ఆమె నవ్వి, బస్సు మెట్టు మీద కాలు పెట్టి అన్నారు: “అవునమ్మా, నీకు వచ్చినవే ఏరి అడిగినా. రానివి నేర్పేదానికే కదా, నిన్ను బళ్లో ఉంచమనింది.”