చేపలకు ఓటు లేదు

పెళ్ళయిన నాటి నుంచీ తెల్లవారక ముందే లేచి పొయ్యి వెలిగించడం నాకు అలవాటు. మా ఆయన సెల్సో జీప్నీ, అదే జనాన్ని ఎక్కించుకునే పొడుగు జీపు, నడిపేవాడు. మా ఊరు మియాగావ్ నుంచి ఇలోయిలో సిటీకి వెళ్ళే మొదటి బండి తనదే కావాలని ఆయన పంతం. రాత్రి మిగిలిన అన్నం వెల్లుల్లి వేసి వేయించి, పక్కన ఒక ఎండుచేప వేపి, తాగడానికి చిక్కగా చాక్లెట్ కాచి పెట్టేదాన్ని. మా ఇంట్లో అద్దెకుండే కాలేజీ ఆడపిల్లలు కూడా నిద్రమొహాలతో వచ్చి అదే బల్ల దగ్గర కూర్చునేవారు. వాళ్ళు తింటూండగానే ఆయన లేచేవాడు. భోజనం మధ్యలో ఎవరైనా ప్రయాణమైతే, మిగిలినవాళ్ళు తమ కంచాలను ఒక చుట్టు తిప్పాలి. అప్పుడే వెళ్ళినవాళ్ళు క్షేమంగా చేరతారని మా నమ్మకం.

"తిప్పండర్రా కంచాలు! రోజంతా నేను స్టీరింగు తిప్పుతాను, మీకు ఒక్క కంచం బరువా?" అని గుమ్మంలోంచి కేకేసేవాడు.

పోయిన వానల్లో ఆయన నిద్రలోనే వెళ్ళిపోయాడు. అప్పుడు మా ముందు కంచాలు లేవు.

ఆ తర్వాత కూడా అదే వేళకు మెలకువ వచ్చేది. చాక్లెట్ కాచడం మాత్రం మానేశాను. పొయ్యి వెలిగించకుండా వంటింట్లో ఊరికే కూర్చుంటే, కాసేపటికి అద్దెపిల్లల్లో ఒకతె, జోవెలిన్, వచ్చి తనే నీళ్ళు పెట్టేది. "మనాంగ్, కాఫీ" అని, అక్కని పిలిచినట్టే పిలిచి, కప్పు నా ముందుంచి, తన పుస్తకం తీసుకుని ఎదురుగా కూర్చునేది. ఓదార్పు మాటలు ఎప్పుడూ చెప్పలేదు. నేను రాస్తున్నది ఆ పిల్ల సంగతే.

జోవెలిన్‌ది ఉత్తరాన సముద్రపు ఒడ్డున ఒక చేపల రేవు. నాన్నకు చిన్న పడవ ఉంది. మత్స్యశాస్త్రం చదవడానికి మా ఊరొచ్చిన రోజున బట్టల సంచీకంటే ఎండుచేపల పెట్టె పెద్దది తెచ్చింది. గదంతా నెలరోజులు వాసన. చేప తలకాయ కోసం నాతో పోటీ పడేది. బజారుకు తీసుకెళ్తే బేరం చూసేది కాదు, ప్రతి చేపనూ జానతో కొలిచేది. "ఇంత చిన్నదాన్ని ఎలా పట్టారు? ఇంకా గుడ్లైనా పెట్టలేదు!" అని అమ్మేవాళ్ళతో తగువు. వాళ్ళు దాన్ని చూడగానే "ఇన్‌స్పెక్టరమ్మ వస్తోంది, గంప మూసెయ్" అని నవ్వేవారు.

సెల్సోకు ఆ పిల్లంటే ముద్దు. ఆయన దాన్ని ఇందాయ్, అంటే అమ్మాయ్, అని పిలిస్తే, అది ఆయన్ని మానోంగ్, అంటే అన్నా, అనేది. ముద్దున్నచోటే ఆయన వెక్కిరింపు ఎక్కువ.

"ఇందాయ్, ఎప్పుడు చూసినా చేపల్ని కొలుస్తావు, వాటికోసం ఏడుస్తావు. అవి నీకు ఓటేస్తాయా ఏమన్నా?"

"అందుకే కదా మానోంగ్, వాటి మాట ఎవరూ వినరు."

"అయితే నువ్వు కొలవడం దండగ. ఎవరు వినాలో వాళ్ళని కొలువు."

ఆయన నవ్వులాటకే అన్నాడు. పిల్ల మాత్రం చెంచా గాల్లోనే పట్టుకుని ఆయన వంక చూస్తూ ఉండిపోయింది. డిగ్రీ అయ్యాక, ఆయన పోయిన కొన్నాళ్ళకు, మనీలాలో రాజనీతి శాస్త్రంలో మాస్టర్స్‌కు దరఖాస్తు పెట్టాననీ, ఇంటర్వ్యూకు పిలుస్తారనీ నాతో చెప్పింది.

వాళ్ళ నాన్న ఫోన్లో గోల పెట్టాడు. ఊళ్ళో చేపల డబ్బాల ఫ్యాక్టరీలో దానికి ఉద్యోగం సిద్ధంగా ఉంది, నెలాఖరులోగా చేరాలి. "చేపల చదువు చదివి చేపల ఉద్యోగం వద్దంటావా? మనీలా వాళ్ళు నిన్ను తీసుకోరు. తీసుకోకపోతే మర్యాదగా వచ్చి ఫ్యాక్టరీలో చేరు" అన్నాడు. అది ఒప్పుకుంది. ఆ ఇంటర్వ్యూ తప్పితే ఇంకో దారి లేదు.

మా వీధివాళ్ళు దీన్ని ఇంకోలా అర్థం చేసుకున్నారు. రాజనీతి చదువుతోందంటే ఎన్నికల్లో నిలబడుతోందనే లెక్క. అలాంటివాళ్ళని బాప్తిజాలకు జ్ఞానతల్లిదండ్రులుగా పెట్టుకోవడం మా వైపు రివాజు, కానుకలు వాళ్ళే ఇవ్వాలి. పక్కింటి బెలెన్ అందరికంటే ముందు వచ్చింది, చంకలో మనవడు.

"ఇందాయ్, వీడి బాప్తిజానికి నువ్వే జ్ఞానతల్లివి. కాదనకు!"

"నా దగ్గర బస్సు చార్జీలకే డబ్బుల్లేవు మనాంగ్ బెలెన్, నేనేం జ్ఞానతల్లిని?"

"ఇప్పుడు లేవు. గెలిచాక వస్తాయి."

తర్వాత ఒకరు పెళ్ళికి సాక్షిగా ఉండమన్నారు, ఇంకొకరు వీధి పండక్కి చందా పట్టికలో పేరు రాసుకుంటామన్నారు. జోవెలిన్ సిగ్గుతో చచ్చిపోయింది. నాకు మాత్రం ఎన్నాళ్ళకో నవ్వొచ్చింది. సెల్సో ఉంటే జీప్నీకి దాని బొమ్మ అంటించి ఊరేగించేవాడు.

ఇంటర్వ్యూ ల్యాప్‌టాప్ మీదే. ఇంట్లో సిగ్నల్ నిలిచేది అన్నాల బల్ల దగ్గరే కాబట్టి అక్కడే కూర్చుంది. నేను ఓ మూలన మునగాకు దూస్తున్నాను. ముందుగా తనలాంటి వాళ్ళందర్నీ ఒకేసారి తెర మీదికి పిలిచి, ఏం చదివారో చెప్పమన్నారట. "మనాంగ్, రాజనీతే చదివినవాళ్ళు ఇద్దరే!" అని నా వైపు గుసగుసలాడింది. ఒకరు తత్వశాస్త్రం, ఒకరు చరిత్ర, ఒకబ్బాయి లెక్కలు, ఒకామె ఆసుపత్రిలో నర్సు. చేపలు చదివింది మాత్రం ఇదొక్కతే.

దాని వంతు వచ్చింది. తెర మీద ఒక మేడమ్, ఒక పెద్దాయన. ఆయన మొహం పులిసిన గంజిలా ఉంది. చేపలు చదివినదానివి మాకెందుకు అని ఇంగ్లీషులో అడిగాడు. పిల్ల రాత్రంతా బట్టీ పట్టిన పెద్ద పెద్ద మాటలు మొదలుపెట్టింది. ఆయన కిందికి చూస్తూ ఏదో కాగితం తిరగేస్తున్నాడు. పిల్ల గొంతు సన్నబడిపోతోంది. నా చేతిలో మునగ రెబ్బ నలిగిపోయింది.

సరిగ్గా అప్పుడే వాకిలి తోసుకుని బెలెన్.

"మేయరమ్మా! ఆదివారం ఫాదర్ ఒప్పుకున్నాడు! నీకు తెల్ల గౌను ఉందా, నా కూతురిది ఇవ్వనా?"

నేను చేతులూపాను. ఆలస్యమైపోయింది. తెర మీది మేడమ్ నవ్వాపుకుంటూ ఇంగ్లీషు వదిలి మా భాషలోకి దిగి, "మేయరమ్మ ఎవరు?" అంది.

జోవెలిన్ చెవులదాకా ఎర్రబడి ఉన్నదున్నట్టు చెప్పేసింది. మేడమ్ పకపకా నవ్వింది. పెద్దాయన కాగితం పక్కన పెట్టాడు. "మీ వీధి నాయకుణ్ణి అడగొచ్చుగా? ఇంకా గెలవని పిల్లనెందుకు అడిగారు?" అని తనూ మా భాషలోనే అన్నాడు.

జోవెలిన్ నోరు తెరిచేలోగా బెలెన్ పిల్లాడితో సహా ల్యాప్‌టాప్ ముందు వంగింది. "మా వీధి కెప్టెన్‌కి ఊరంతా జ్ఞానపిల్లలే కదండీ! మావాడి పేరైనా గుర్తుండదు. ఈ పిల్లని ఇప్పుడే పట్టుకుంటే, రేపు పెద్దదయ్యాక మొదట మేమే గుర్తొస్తాం."

పెద్దాయన మొదటిసారి నవ్వాడు. "నీకు అర్థమైందా, ఆవిడ చెప్పింది?" అని జోవెలిన్‌ని అడిగాడు.

"అర్థం కాకేం సార్, మా ఇంట్లోనూ అంతే" అంది పిల్ల. బట్టీ పట్టిన మాటలు ఏమైపోయాయో. "చిన్న పడవలకు వదలాల్సిన నీళ్ళలోకి రాత్రిళ్ళు పెద్ద పడవలు వస్తాయి. చేపలు ఏటేటా ఎంత చిన్నవవుతున్నాయో కొలిచి రాశాను. కొలిచినంత మాత్రాన పడవలు ఆగలేదు. ఆ పడవల యజమాని మా తమ్ముడికి జ్ఞానతండ్రి. తమ్ముడి బాప్తిజం విందు ఆయనే పెట్టాడు. ఆయన మీద మా నాన్న ఎలా ఫిర్యాదు చేస్తాడు? చేపల గురించి నేను చదివిన పుస్తకాల్లో ఇది లేదు. ఇది ఎక్కడుంటుందో అక్కడ చదవాలి." తెరకి ఇంకాస్త దగ్గరగా జరిగి, "మా మానోంగ్ ఒకాయన అనేవాడు సార్, చేపలకు ఓటు లేదని" అంది.

నేను మునగాకు చేట తీసుకుని పెరట్లోకి వెళ్ళిపోయాను.

కొన్నాళ్ళకు జవాబొచ్చింది. తీసుకున్నారు. కాకపోతే రాజనీతి మొదటి పాఠాలు రెండు అదనంగా చదవాలట. "అంటే ఒంటికున్న చేపవాసన కడుక్కుని రమ్మన్నారు" అంది బెలెన్. ఫోన్లో వాళ్ళ నాన్న, "సరే వెళ్ళు. ఏం చదువుతున్నావో తమ్ముడి జ్ఞానతండ్రితో మాత్రం అనకు" అన్నాడు.

అంతకుముందే, ఆదివారం బాప్తిజంలో బెలెన్ కూతురి గౌను దానికి వదులైతే, నడుము దగ్గర పిన్నులు పెట్టాను.

ఈ పొద్దున దాని ప్రయాణం. చాలాకాలానికి చాక్లెట్ కాచాను. అడుగంటింది కూడా, చెయ్యి మరిచిపోయింది. మనవణ్ణెత్తుకుని బెలెన్ వచ్చింది. పక్క గదిలో అద్దెకుండే రూబీ దువ్వుకోకుండానే వచ్చి కూర్చుంది. జోవెలిన్ చేప తల సగం తిన్నదో లేదో బయట జీప్నీ హారన్ మోగింది. నోట్లో అన్నంతోనే లేచి, చేతులు కడుక్కుని, నన్ను గట్టిగా వాటేసుకుంది. గుమ్మం దాకా పోయి వెనక్కి తిరిగింది.

"తిప్పండర్రా కంచాలు!"

అచ్చం ఆయన గొంతే పెట్టింది. బెలెన్ పిల్లాడి చేత్తో కూడా తిప్పించింది. నేను నాది తిప్పాను.

బండి చప్పుడు రోడ్డు మలుపు దాటాక బెలెన్ నడుం బిగించి కంచాలు ఎత్తబోయింది. "ఉండనీ" అన్నాను.

"ఈగలు ముసురుతాయి మెన్సియా. అన్నం ఎండితే గీకలేక చస్తావు."

"ఎండనీ."

తిప్పిన కంచం కడగకూడదని పెద్దలెవరూ చెప్పలేదు. వాటి మీద జాలీ మూత బోర్లించాను. సగం తిన్న చేప తలతో దాని కంచం కూడా అలాగే ఉంది. చేరానని మనీలా నుంచి ఫోన్ వచ్చేదాకా ఈ బల్ల మీది గిన్నెలు తోమను.