సరిహద్దులో నా సవతి

నాకొక సవతి ఉంది. ఎక్కడో ఎడారి సరిహద్దులో, ఇనుప స్తంభం మీద కూర్చుని రెప్ప వేయకుండా చూస్తూ ఉంటుంది. దాని అసలు పేరు బయట చెప్పకూడదట, డ్యూటీ రహస్యమట. నేను మాత్రం సవతి అనే పిలుస్తాను, అదీ ఆయన ఫోనులో వింటుండగానే.

మా ఆయన సరిహద్దు దళంలో జవాను. నేను ముదిగుబ్బ దగ్గరి పల్లెలో అత్తతో కలిసి నలభై గొర్రెలను సాకుతున్నాను. ఇరవై ఏళ్ళ సర్వీసు నిండగానే పింఛను తీసుకుని ఇంటికి వచ్చేస్తానని పెళ్ళయిన కొత్తలో మాటిచ్చాడు. ఆ మాట పట్టుకునే ఇన్నేళ్ళూ నెట్టుకొచ్చాను. అప్పట్లో దుర్భిణీ, టార్చిలైటు పట్టుకుని కంచె వెంట మైళ్ళకు మైళ్ళు నడిచేవాడు. పొగమంచు పడితే ఎదుట మనిషి నిలబడినా తెలిసేది కాదట. సెలవులో ఇంటికొస్తే ఆయన మోకాళ్ళకు నూనె రాసి రాసి నా చేతులు పడిపోయేవి.

అందుకే కంచె మీద కాపలాకు కొత్త కెమెరా యంత్రాలు వస్తున్నాయంటే అందరికంటే ఎక్కువ సంబరపడింది నేనే. చూసే పని యంత్రం చేస్తే ఈ మనిషిని ఇంటికి పంపేస్తారు కదా అనుకున్నాను. గంగమ్మకు పొట్టేలును మొక్కుకున్నాను. యంత్రాలు వచ్చాయి, మొక్కు తీర్చుకున్నాను. సవతికి నా చేతులతో నేనే హారతి పట్టానని తర్వాత గానీ తెలియలేదు.

ఆ యంత్రం తెర ముందు కూర్చోవడానికి కొందరిని ఏరి శిక్షణ ఇచ్చారు. అందులో ఈయనొకడు. ఇక చూడండి, ఎప్పుడు ఫోన్ చేసినా అదే గోల.

"చీకట్లో నక్క పోయినా కనపడ్తాది మే. ఒంటి వేడిని బట్టి పట్టేస్తాది."

ఆ రోజు నాకు జ్వరం. "నా ఒళ్ళు కూడా కాల్తాండాది. ఆయమ్మికి ఆడ్నించి కనపడ్తాందేమో అడుగు" అన్నాను.

"మాత్ర ఏసుకో" అన్నాడు. మళ్ళీ నక్క దగ్గరికే పోయాడు.

ఇంకో ఆడదాని మోజులో పడి ఉంటే రైలెక్కి పోయి దాని జుట్టు పట్టుకుని దులిపేదాన్ని. స్తంభం మీద ఉన్నదానికి జుట్టెక్కడిది? నన్ను పక్కన కూర్చోబెట్టుకుని అంత శ్రద్ధగా ఆయన ఎన్నడూ చూడలేదు. ఉన్నమాట చెబుతున్నాను, అసూయ పడ్డాను. మనిషి మీదైనా అంత పడేదాన్ని కాదేమో.

పోయిన వేసవిలో సెలవుకు వచ్చాడు. పక్క పల్లెలో గొర్రెల దొంగలు పడ్డారని విని, మా దొడ్డి గుంజకు సిమ్ కార్డు వేసే సోలార్ కెమెరా బిగించి పోయాడు. అక్కడినుంచే ఫోన్లో చూసుకుంటాడట. పోనీలే, ఈ వంకతోనైనా నా మొహం చూస్తాడని నాకు ఆశ పుట్టింది. ఒకరోజు తల దువ్వుకుని, కనకాంబరాలు పెట్టుకుని, పెళ్ళినాటి ధర్మవరం పట్టుచీర కట్టుకుని గొర్రెలకు తొట్టిలో నీళ్ళు పోశాను.

అత్త చూసి, "ఏమ్మే, గొర్లకేమన్నా పెండ్లా?" అంది.

అప్పుడే ఫోన్ మోగింది. కుచ్చిళ్ళు సర్దుకుని ఎత్తాను.

"మే, రోంత పక్కకు జరుగు. నల్లపొట్టేలు కనపడ్తాలేదు" అన్నాడు.

జరిగాను. ఏం చేస్తాను.

మొన్న శ్రావణంలో ఇరవై ఏళ్ళు నిండాయి. ఒకరోజు మిట్టమధ్యాహ్నం ఫోన్ చేసి, కొత్తగా వచ్చేవాళ్ళకు ఆ యంత్రం నేర్పడానికి తనను ఇంకొన్నేళ్ళు ఉండమంటున్నారని చెప్పాడు. "నువ్వేమంటావు?" అని అడిగాడు. పెళ్ళయ్యాక ఆయన నన్ను ఆ మాట అడగడం అదే మొదలు.

"వద్దంటాను. ఇచ్చిన మాట ప్రకారం ఇంటికి రా" అన్నాను.

ఆయన గొంతు తగ్గించి, "ఈడ తెర మీద నేనొకటి చూసి చెప్తే పదిమంది తుపాకులెత్తుకొని లేస్తారు మే. ఆడికొస్తే నా మాట ఎవరింటారు?" అన్నాడు.

"ఇరవై ఏండ్ల నుంచి నేను ఇంటాలేనా?"

ఆయన మళ్ళీ తెర గురించే మొదలుపెట్టాడు.

"ఉంటానని యాడా సంతకం పెట్టాకు" అన్నాను.

"మొన్ననే పెట్టినా" అన్నాడు.

ఫోన్ పెట్టేశాను. నేరుగా దొడ్డిలోకి పోయి, నిచ్చెన వేసుకుని ఎక్కి, కెమెరాకు గోనెసంచి తొడిగి తాడుతో బిగించి కట్టాను. కిందికి దిగేలోపే ఫోన్ మోగింది. ఆగింది, మళ్ళీ మోగింది. పొద్దు గూకేదాకా మోగుతూనే ఉంది. అత్త బయటికొచ్చి, "ఎత్తి మాట్లాడు మే, ఏం కొంప మునిగిందో" అంది. ఇరవై ఏళ్ళలో ఒక్క పూటలో అన్నిసార్లు ఆయనెప్పుడూ ఫోన్ చేయలేదు. ఎత్తితే నా గురించి కాక గొర్రెల గురించి అడుగుతాడేమోనని భయమేసి, ఒక్కసారి కూడా ఎత్తలేదు.