మేకు కొట్టని పాక

ఈ మధ్యాహ్నం రేపల్లెను ఊపేసిన గాలివానకు మా పెరట్లోని కొత్త పాక నిలబడింది. తాటి స్తంభాలు పాతించి తాటాకు కప్పించాను. సగం గేదెకు, సగం నా పుస్తకాల బైండింగు పనికి. కట్టింది నిజాంపట్నం పడవల మేస్త్రి ఏసోబు. ఒక్క మేకు కొట్టలేదు, అంతా కొబ్బరి తాడే. "వాన పడితే ఇంకా బిగుస్తదండి," అన్నాడు.

పక్కింట్లో ఉండే మా బావమరిది ఓవర్సీరుగా చేసి రిటైరయ్యాడు. "మా బావ పాక కట్టించలేదు, మూట కట్టించాడు," అని నెలరోజులుగా వీధంతా నవ్వించాడు.

ఇవాళ కుట్లు విప్పిన పుస్తకాలన్నీ బల్ల మీదే ఉండిపోయాయి. గాలి ఆగేదాకా స్తంభం పట్టుకుని నిలబడ్డాను. పాక ఊగింది కానీ ఆకు లేవలేదు. ఒక్క కాగితం తడవలేదు.

అంతలో బావమరిది వచ్చాడు. ఆయన కొట్టం రేకులు వీధిలో పడి ఉన్నాయి.

"బావగారూ, మా గేదెను మీ పాకలో కట్టుకోనాండీ?"

"కట్టుకో."

"ఆ పడవలోడు మళ్లీ వస్తాడంటారా?"

"ఏసోబు గారూ అని పిలువు, వస్తాడు."

ఇంకా చాలా అనవలసింది. పుస్తకాలు దక్కిన సంతోషంలో వదిలేశాను. తప్పు చేశానా, మీరే చెప్పండి.