చాసిస్ నంబరు కనబడని బండి

నేను రిటైరవడానికి పద్నాలుగు నెలల ముందు, ఒక ఏప్రిల్ మొదటి వారంలో, మోటారు వాహనాల తనిఖీ అధికారిగా విజయవాడకు బదిలీ అయ్యాను. అదే నా ఆఖరి పోస్టింగు. జనం మమ్మల్ని ఇప్పటికీ బ్రేకు ఇన్‌స్పెక్టర్లనే పిలుస్తారు. మా కింద సహాయ తనిఖీ అధికారులు, మా పైన ప్రాంతీయ రవాణా అధికారి ఉంటారు. మధ్యలో ఉన్న మాకు ఎండ ఎక్కువ, కుర్చీ తక్కువ. పదిహేనేళ్లు నిండిన సొంత వాహనాలను పరీక్షించి, రిజిస్ట్రేషన్ మరో ఐదేళ్లు పొడిగించవచ్చో లేదో తేల్చే పని నాకప్పగించారు.

ఈ పనిలో నాకు ఇష్టమైనవాళ్లూ, నేను భయపడేవాళ్లూ ఒకరే. బండికి ఇంటి దగ్గరే సొంత చేతులతో సింగారం చేసుకొచ్చేవాళ్లు. బండిని పట్టించుకోనివాడి లోపాలు దూరం నుంచే కనబడతాయి. సింగారించినవాడి లోపాలను వెతుక్కోవాలి. పైన పటారం లోన లొటారం అన్న సామెత పుట్టించినవాళ్లెవరో మా పరీక్షల మైదానంలో ఒక పూట నిలబడే ఉంటారని నా అనుమానం.

మే నెలలో ఒక ఉదయం, మొదటి స్లాటులో, కంకిపాడు నుంచి సాంబశివరావు గారనే ఆయన బండి తెచ్చారు. వ్యవసాయ శాఖలో అధికారిగా చేసి రిటైరయ్యారు. బండి ఏడుగురు కూర్చునే ఎత్తైన డీజిల్ ఎస్‌యూవీ. రంగు వెండి అని ఆర్సీలో ఉంది. వెండే, కాదనను. కాకపోతే నాలుగు తలుపులూ నాలుగు కొట్లలో కొన్న వెండిలా ఉన్నాయి.

నేను అడగకముందే ఆయన ఆరువారాల కృషిని వివరించారు. సొట్టలకు లప్పం పెట్టి, ఉప్పుకాగితంతో రుద్ది, స్ప్రే డబ్బాతో రంగు కొట్టారు. పసుపు తిరిగిన హెడ్‌లైట్లను టూత్‌పేస్టుతో తోమారు. వంగి చూస్తే నిజంగానే లవంగం వాసన వచ్చింది. వెలిసిపోయిన బంపరుకు కొబ్బరినూనె పట్టించారు. దాంతో కంకిపాడుకూ బెంజి సర్కిల్‌కూ మధ్య ఉన్న దుమ్మంతా ఆ బంపరు మీదే ప్రయాణం చేసి వచ్చింది. సీట్లకు కొత్త కవర్లు, వెనక కెమెరా, ఎక్కడానికి పక్కన ఫుట్‌బోర్డు కూడా ఆయనే బిగించారు. "మెరుగు పెట్టడానికి మాత్రం పాత మంగళగిరి నూలు చీరంత మెత్తని గుడ్డ ఇంకోటి లేదండి," అన్నారు.

"అది పాత చీర కాదండి, నేను కట్టుకునేదే," అంటూ పక్క సీట్లోంచి ఆయన భార్య అనసూయమ్మ గారు దిగారు. దిగారు అనడం కంటే, మోకాళ్లు పట్టుకుని మెల్లగా నేలకు చేరారు అనడం సరైనది.

ఆవిడే నాకు అసలు సంగతి చెప్పారు. "ఇన్‌స్పెక్టరు గారూ, ఇవాళ మీరు పాస్ చెయ్యకపోతే ఇటు నుంచి ఇటే ఆటోనగర్ తీసుకెళ్లి పాత ఇనుము కింద తూకానికి ఇచ్చేస్తానని మావారు ఒప్పుకున్నారండి. చిన్న కారు కొనుక్కుంటాం. నేనూ మనిషిలా ఎక్కి దిగుతాను. కాబట్టి మొహమాటపడకుండా గట్టిగా చూడండి." సాంబశివరావు గారు బానెట్ మీద లేని మరకను తుడిచారు. ఆ తుడవడం చూస్తే బండి పోవడమంటే ఆయనకు ఏమిటో నాకర్థమైంది.

పరీక్షకు ఒక వరుస ఉంది. ముందు లైట్లు, హారను, వైపర్లు, టైర్లు, నంబరు ప్లేటు. తర్వాత బండి నడిపి బ్రేకులు, స్టీరింగు. చివరికి ఇంజన్ నంబరు, చాసిస్ నంబరు ఆర్సీతో సరిచూడాలి. ముందువైపు బిగించిన ఇనప గార్డు నిబంధనలకు విరుద్ధమని చెప్పాను. కళ్లు మిరుమిట్లు గొలిపే కొత్త బల్బులు కుదరవన్నాను. ఆయన డిక్కీలోంచి స్పానర్లు తీసి గార్డు విప్పేశారు. పాత బల్బులు జేబులోనే ఉన్నాయి. బ్రేకు పడిన చోట బండి గీత గీసినట్టు ఆగింది. ఒక్కో అంశానికీ నేను టిక్కు పెడుతుంటే ఆయన ముఖం వికసించేది, ఆవిడ ముఖం వాడేది. ఇంజన్ నంబరు కూడా సరిపోయింది.

మిగిలింది చాసిస్ నంబరు. మనిషికి వేలిముద్ర ఎలాంటిదో బండికి ఇది అలాంటిది. అడుగున ఉండే పొడవాటి ఇనప దూలం మీద కంపెనీవాళ్లే పదిహేడు అక్షరాలు, అంకెలు గుద్ది పంపుతారు. దాని మీద పల్చటి కాగితం ఆనించి పెన్సిలుతో రుద్దితే అక్షరాలు తేలతాయి. దాన్ని పెన్సిల్ ప్రింటు అంటాం, ఫైలుకు అంటిస్తాం. ఈ రకం బండికి ఆ నంబరు కుడివైపు ముందు చక్రం వెనక ఉంటుంది. గోనెసంచి పరుచుకుని కిందికి దూరాను.

నంబరు లేదు. దూలమంతా చిక్కటి నల్లరంగు. నంబరు ఉండాల్సిన చోట, ఆ నలుపు కింద, ఇనప పలక అతికించినట్టు చతురస్రంగా ఒక అంచు టార్చి వెలుగులో తెలిసింది. నా సర్వీసులో అలాంటి అంచును అంతకుముందు రెండుసార్లు చూశాను. రెండూ దొంగ బండ్లే. ఒక బండి నంబరున్న ముక్కను కోసి మరో బండికి అతికి, పైన రంగు పూస్తారు. ఆఖరి పోస్టింగులో కూడా నా కన్ను చెడలేదని ఆ మురికిలోనే కాస్త గర్వపడ్డానని ఒప్పుకోవాలి.

బయటికొచ్చి, నంబరుండాల్సిన చోట పలక అతికించినట్టుంది, అక్కడ ఏం చేశారని సాంబశివరావు గారిని అడిగాను. తుప్పు రాకుండా ఇనప బ్రష్షుతో తోమి, మూడు పూతలు వేశానని ఉత్సాహంగా చెప్పారు. నంబరు సంగతి అడిగితే ఉత్సాహం ఆగిపోయింది. అక్కడ నంబరుంటుందని తనకు తెలియదన్నారు. తోమేటప్పుడు కళ్లజోడు పెట్టుకోలేదట. రంగు కాస్త గీకి చూడమని బతిమాలారు. కుదరదన్నాను. అనుమానం వచ్చాక మేం అక్కడ చెయ్యి పెట్టకూడదు. పెడితే రేపు ఆ గీతలు మేమే గీశామంటారు. బండిని మా ఆవరణలో నిలిపి, పోలీసులకు రాసి, వాళ్ల నివేదిక వచ్చేదాకా ఆగాలి. ఈలోగా బండి ఎక్కడిదో ఆయన స్టేషనుకు వెళ్లి చెప్పుకోవాలి. ఈ వరుసంతా నేను కాస్త గట్టిగానే వినిపించాను. చుట్టూ బండ్లవాళ్లు మూగారు. ముప్పైయేళ్లు రైతులకు విత్తనాల మంచిచెడ్డలు చెప్పిన మనిషి, చేతిలో గుడ్డతో, తల దించుకుని నిలబడ్డారు. నాకు బాధేసింది. అయినా ఫారం మీద 'నంబరు తారుమారు' అని రాయడానికి కలం తీశాను.

"రాయకండి," అన్నారు అనసూయమ్మ గారు. "బండి పోతే పోయింది. ఆయన్ని దొంగ అంటే నేనూరుకోను. అది పలకా కాదు, పాడూ కాదు. టేపు. నేనే అంటించాను."

తర్వాత ఆవిడ ఇచ్చిన వాంగ్మూలం నా సర్వీసులో విన్న అన్నిటికంటే స్పష్టమైనది. రంగు పడకూడని చోట టేపూ పేపరూ అంటించే పని ఆరువారాలూ ఆవిడదేనట. అద్దాల రబ్బర్లు, దీపాల అంచులు, తలుపు పిడులు అన్నీ ఆవిడే కప్పారట. అడుగున పూత వేస్తున్న రోజు, ముక్కాలిపీట మీద కూర్చుని టార్చి పట్టిన ఆవిడకు ఏవో అంకెలు కనబడ్డాయట. అంకెలున్నాయంటే ఎవరికో అవసరమై ఉంటుందని, ఆయన డబ్బా కలుపుకునేలోగా చెయ్యి చాపి మూడు పట్టీలు పక్కపక్కన అంటించారట. "తేలిగ్గా పీకడానికి ఎడమ చివర మడత కూడా పెట్టానండి. ఈయన చూడకుండా దాని మీదే పూసేశారు."

టేపు పీకితే ఇనుము మీద గీత పడదు కాబట్టి, ఇద్దరు సాక్షుల ముందు మళ్లీ కిందికి దూరాను. ఎడమ చివర వేలితో తడిమితే, నలుపు కింద చిన్న మడత తగిలింది. చెయ్యి వెనక్కి తీసుకుని సాంబశివరావు గారిని పిలిచాను. ఆయన పక్కన పడుకుని దాన్ని లాగారు. పూతతో సహా మూడు పట్టీలూ ఊడొచ్చాయి. పదిహేడూ ఉన్నాయి, కంపెనీలో నిన్న గుద్దినంత శుభ్రంగా. పెన్సిల్ ప్రింటు తీశాను. సరిపోయింది. నా గర్వం గోనెసంచి మీదే మిగిలింది.

ముఖమంతా నలుపుతో పైకి లేచిన సాంబశివరావు గారు, ముందే ఎందుకు చెప్పలేదని భార్యను నిలదీశారు.

"చెప్తే బండి పాసవుతుందిగా," అన్నారావిడ, ఏమాత్రం దాచకుండా. "అయినా అక్కడేం చేశారని ఇన్‌స్పెక్టరు గారు మిమ్మల్ని అడిగారు. మీరు నన్నడిగారా? ఈ ఆరువారాల్లో, ఈ బండి నాకు కావాలో వద్దో ఒక్కసారైనా అడిగారా?"

నాది కాని తగువులో తలదూర్చడం ఎందుకని ఫారం పూర్తి చెయ్యబోయాను. అడుగున యజమాని సంతకం చూశాను. గుండ్రటి అక్షరాల్లో 'అనసూయ' అని ఉంది. ఆర్సీ తిప్పి మొదటి వరుస చదివాను. అక్కడా ఆ పేరే. బండి కొన్నప్పుడు ఆవిడ జాతకం బాగుందని ఆవిడ పేరున కొన్నారట. సాంబశివరావు గారు ఆ మాటే మర్చిపోయారు. ఎక్కడ సంతకం పెట్టమంటే అక్కడ పెట్టడం అలవాటైన ఆవిడా మర్చిపోయారు. మరి నేను? ఆ కార్డులో తేదీ చూశాను, రంగు చూశాను, రెండు నంబర్లూ చూశాను. స్టీరింగు ముందు ఎవరు కూర్చుంటే బండి వాళ్లదేననుకుని పేరు ఒక్కటే వదిలేశాను. నేను రాయబోయిన ఆ రెండు ముక్కలూ రాసి ఉంటే, స్టేషనుకు వెళ్లాల్సింది ఆవిడే.

దరఖాస్తు పెట్టేదీ, వద్దనుకుంటే వెనక్కి తీసుకునేదీ యజమానే. అది నిబంధన. కాబట్టి ఆవిడవైపు తిరిగి, అమ్మా, పొడిగించమంటారా, వద్దంటారా అని అడిగాను. ఆవిడ బండిని ఒకసారి, ఆయన్ని ఒకసారి చూశారు. నేను పరీక్షకు తీసుకున్నంతసేపూ తీసుకున్నారు.

"రాసేయండి, ఐదేళ్లకి," అన్నారు. "ఉంచడమో అమ్మడమో నేను చూసుకుంటాను. ఏవండీ, ఆ తాళాలు ఇలా ఇవ్వండి." తాళాలు ఆవిడ చేతిసంచిలోకి వెళ్లాయి. ఇంటికెళ్లడానికి ఆయన వాటిని అడిగి పుచ్చుకున్నారు.

మిగిలిన ఏడాదిలో ఏ ఆర్సీ చేతికొచ్చినా పై వరుస నుంచే చదివాను. ముందు యజమాని పేరు, తర్వాతే నంబర్లు. ఆ పేరుగలవారు ఎదురుగా ఉంటే మొదటి ప్రశ్న వాళ్లకే వేశాను. బండి కిందికి దూరకముందే చాలా సంగతులు తెలిసేవి.