అడక్కుండా లాగిన తీగ

మా మరిది పోయాడని సోమవారం తెల్లవారుతుండగానే వనపర్తిలో ఉన్న నాకు ఫోను వచ్చింది. పందులు పడ్డాయేమోనని వేకువన తన వేరుశనగ చేను చూడబోయి, వాటి కోసం ఎవరో అడక్కుండా లాగిన కరెంటు తీగ కాలికి తగిలి పోయాడు. ఊళ్లో కొందరు మోటారు డబ్బా షాక్ కొట్టిందని చెబుతున్నారు. అది నిజం కాదు. అందుకే ఇది రాస్తున్నాను.

ఆయన వేటకు అడ్డుపడే మనిషి కాదు. పందులను కాల్చడానికి పంచాయతీ అనుమతి ఉన్న తుపాకీవాళ్లు గద్వాల వైపు నుంచి వచ్చేవారు. వాళ్లను గట్టు బయటే నిలబెట్టేవాడు. "పంచాయతీ కాయితం పందిని కాల్చనిస్తది, నా చేన్ల కాలు పెట్టనియ్యది. జర కూసోండ్రి" అనేవాడు. వాళ్లను వదిలేముందు, పొద్దున చేలలోకి ఎవరెవరు వెళ్లారో, ఎవరెవరు ఇల్లు చేరారో ఇంటింటికీ తిరిగి అడిగేవాడు. లెక్క తప్పితే ఒప్పుకోని మనిషినని నాకు పేరు. మనుషుల లెక్కలో ఆయన నాకంటే గట్టివాడు.

ఒకసారి ఆకుకూర కోసం వెళ్లిన ముసలమ్మ ఒకామె ఇంకా ఇల్లు చేరలేదని తెలిసింది. తుపాకీవాళ్లను కదలనివ్వలేదు. పొద్దు వాలాక ఆమె ఒడి నిండా కూరతో వచ్చి, వాళ్లను చూసి, "ఏంది కొడుకా, గింత కూర కోసుకుంటే తుపాకులు తెప్పిస్తివా?" అంది. అందరూ నవ్వారు.

"నవ్వకుండ్రి. గుబురుల వంగితే గీమె గూడ పంది లెక్కనే కనిపిస్తది" అన్నాడు.

"నువ్వేమన్న దొర లెక్క కనిపిస్తవా?" అని ఆమె చరచరా వెళ్లిపోయింది. ఆ తర్వాతే వాళ్లకు సరే అన్నాడు.

ఆయన పోవడానికి కొద్ది రోజుల ముందు, నేను ఊళ్లో ఉండగానే ఇద్దరు కుర్రాళ్లు వచ్చారు. "చిన్నాయనా, ఒక్క రాత్రి నీ చేన్ల తీగ పెడ్తం. పొద్దుగాల్నే తీస్తం. ఊరంత పెడ్తుండ్రు" అన్నారు.

"తుపాకికి పట్టుకున్నోని కండ్లన్న ఉంటయ్. తీగకేముంటయ్? వద్దు" అన్నాడు. వాళ్లు టీ తాగకుండానే లేచారు. వాళ్లే పెట్టారని నేను అనను. చూడనిది రాయను.

శవం వాకిట్లో ఉండగానే పెద్దమనుషులు మా తోటికోడలి దగ్గర కూర్చున్నారు. "తీగ అంటే కేసయితది అక్కా, ఊరి పోరగాండ్లు జైలుకు పోతరు. మోటరు అని చెప్పు. పోయినోడు వస్తడా?"

ఆమె తల ఎత్తలేదు. "మోటరు బంద్ చేసి తాళం పెట్టింది నేను. ఆయన మోటరు కాడ పడలె, చేను నడుమ పడ్డడు. అడగకుండ వచ్చినోన్ని నేనెందుకు దాస్త?"

పోలీసులకూ అదే చెప్పింది. వాళ్లు వచ్చేసరికి తీగ లేదు. ఆయన మడమ పైన కాలిన గీత, చేను పొడుగునా తీగ కోసం పుల్లలు పాతిన గుంతలు మాత్రం ఉన్నాయి. కేసు ఎటూ తేలలేదు. పెద్దమనుషులు ఆమెతో మాట్లాడటం మానేశారు.

పంట పీకే అదను దాటిపోతోంది. ఇంకా ఎక్కడ తీగ ఉందోనని కూలీలు ఆ చేనులో దిగడం లేదు. నిన్న చీకటి పడకముందే ఒక పంది పిల్లలతో దిగింది. పుల్లల గుంతల మీదుగా నడుచుకుంటూ, సాలు తర్వాత సాలు పెళ్లగించి తింటూ పోయింది. మా తోటికోడలు గట్టు మీద కూర్చుని చూస్తూ ఉంది. అదిలించలేదు.