కీర్తనయ్యేదాకా తిరగని ఇంజను

నర్సీపట్నం మిషను బడిలో బొమ్మలు గీయడం నేర్పే జ్ఞానానందం మేష్టారు ఇత్తడి చెంబే బాయిలరుగా, చిమ్మనగ్రోవే సిలిండరుగా ఒక బుల్లి ఆవిరింజను చేశాడు. పిల్లల చేతికి సుత్తీ ఆకురాయీ ఇచ్చి పని నేర్పాలని ఆయనకి ఎన్నాళ్ల కోరికో! మిషను నడిపే దొరగారు ఇంజను చూసి, "ఆదివారం ఆరాధనయ్యాక, ఒక కీర్తన పాడినంతసేపు ఇది ఆగకుండా తిరిగితే ఆ పాతకొట్టు నీ పాఠాలకిస్తాను. లేదా అందులో ధాన్యం పోయిస్తాను" అన్నారు.

తిరగదని కాదు, తిరుగుతుంది. భార్య కరుణకుమారి పక్కన కూచుని కీర్తన ఎత్తుకునేది. పల్లవికి చక్రం గిరగిరా తిరిగేది. రెండో చరణం సగంలో మూలిగి ఆగేది. మంట పెంచితే ఇంకా బేగి ఆగేది. ఆముదం పోశాడు, ఇరుసు సరిచేశాడు. ఊహూఁ. చల్లారాక మాత్రం ఏమీ ఎరగనట్టు మళ్లీ తిరిగేది!

పక్కింటి కామమ్మ గోడమీంచి తొంగిచూసి, "మల్లీ ఆగిపోనాదేటి మేష్టారూ? పోనీ పొట్టి కీర్తన ఎత్తుకోయే కరుణా!" అంది.

"ఊరుకో అత్తా, ఆయనసలే ఉడికిపోతన్నారు."

శనివారం నాడు, ఇంజను ఆగీ ఆగగానే మేష్టారు గొట్టంలో ఆడే కర్రముక్కని బయటికి లాగాడు. ఎర్రటి లక్క వేలికి తీగలా సాగింది. ఏటికొప్పాక బొమ్మలవాళ్లచేత ఆ ముక్క చేయించి, తడికి ఉబ్బకుండా లక్క పూయించింది ఆయనే. వేడికి కరిగించే లక్క పూస్తారని కళ్లారా చూశాడు కూడాను! ఆవిరికీ కరుగుతుందని తోచలేదంతే.

"గీకెయ్యండి" అంది కరుణ.

జతగా చేయించిన రెండో ముక్కని గీకి చూశాడు. అది ఆవిరి తాగి ఉబ్బి, అసలు కదల్లేదు. ఇత్తడిది పోతపోయించాలంటే విశాఖపట్నం పోవాలి. తెల్లారితే ఆదివారం. జబ్బు తెలిసింది, మందు లేదు.

ఆరాధనయ్యాక, ఆ లక్కముక్కతోనే గుడి ముంగిట్లో బల్లమీద ఇంజను పెట్టారు. కరుణ కీర్తన ఎత్తుకుంది, వానొస్తే ఆరేసిన బట్టలు తీసే మనిషిలా ఒకటే పరుగు. సంఘమంతా ఎగరోజుతూ వెనకాల పడింది. మొదటి చరణం దాటింది, రెండోదీ దాటింది! మూడోది అందుకోగానే చక్రం ఒక్కసారి వెనక్కి ఊగి నిలిచిపోయింది. కీర్తన మధ్యలో ఆపకూడదు గనక, ఆగిన ఇంజను ముందు అందరూ చివరిదాకా పాడారు. జ్ఞానానందం కూడా పాడాడు.

"చాలా ముచ్చటగా ఉంది మేష్టారూ" అన్నారు దొరగారు. కాపలా యేసురాజు వైపు తిరిగి, "రేపు కొట్టు ఊడిపించు, ధాన్యం పోయాలి" అన్నారు.

జనం వెళ్లిపోయారు.

"ఇంటికి పోదామా?" అంది కరుణ.

"ఎలా పట్టుకోను? ఇంకా కాలుతోంది."

అది చల్లారేదాకా ఇద్దరూ ఎండలోనే నిలబడ్డారు.