బీడీ మచ్చలు

మా ఇల్లు కంచరపాలెంలో, రైలు పట్టాల పక్క సందులో. పోయిన వానాకాలం మా కుక్క టామీ ఒంటి మీద అక్కడక్కడా వెంట్రుకలు ఊడి, అంచులు ఎర్రబారిన గుండ్రటి మచ్చలు కనిపించాయి. పక్కింటి అప్పన్న బీడీతో కాలుస్తున్నాడని నా అనుమానం. టామీ అరుపులకు ఆయన రోజూ విసుక్కునేవాడు మరి. ఆయన భార్యతో మాటలు మానేసి, కిటికీ చాటు నుంచి కాపు కాశాను.

ఒక మధ్యాహ్నం ఆయన మా గేటు దగ్గర టామీ మీదికి వంగి కనిపించాడు. పరుగున వెళ్లాను.

"ఏటి సేత్తన్నావ్ బాబాయ్? నోరు లేని జీవాన్ని కాల్సేత్తావా?" అని వీధంతా వినేలా అడిగాను.

ఆయన చేతిలో బీడీ లేదు, చేప ముక్క ఉంది. నిదానంగా చొక్కా చెయ్యి పైకి లాగాడు. ముంజేతి మీద అవే గుండ్రటి మచ్చలు.

"మరి నన్నెవులు కాల్సినారమ్మా?" అన్నాడు.

పశువుల డాక్టరు చూసి అది తామర అన్నారు. మందు షాంపూ, పూతమందు రాసిచ్చి, వెంట్రుకలు మొలిచినా మధ్యలో ఆపొద్దన్నారు. కుక్కను నిమిరేవాళ్లకు అంటుకుంటుందట.

"మీ ఇంట్లో ఎవరికైనా వచ్చిందా?" అని అడిగారు.

ఎవరికీ రాలేదు. గేటుకు కట్టేయడమే గానీ, టామీని మేమెప్పుడు నిమిరాం గనక.